మా ఇంగ్లీషు క్లాసులో గ్రీకు తత్వవేత్తలు

ఇంగ్లీషు నేర్చుకుందామని వచ్చే పెద్దవాళ్ళ చేతిలో మామూలుగా ఏం పెడతారో అందరికీ తెలిసిందే. హోటల్లో టిఫిన్ చెప్పడం, స్టేషన్లో టికెట్ అడగడం, డాక్టరుతో ఫోన్లో మాట్లాడటం. ఇద్దరు పిల్లల్ని పెంచి, అప్పులు తీర్చి, ఊళ్ళో నలుగురి తగాదాలు సర్దిన నలభై ఏళ్ళ మనిషిని కూర్చోబెట్టి "ఐ వుడ్ లైక్ ఎ కప్ ఆఫ్ టీ" అని పదిసార్లు వల్లె వేయిస్తారు. నాకు ఇది ఎప్పుడూ బాధగానే ఉండేది. ఆ మనిషికి రానిది భాష ఒక్కటే. ఆలోచన కూడా రాదన్నట్టు ఆ పాఠాలు రాస్తారు.

నేను తిరుపతిలో ఒక జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైర్ అయ్యాను. బైరాగిపట్టెడలో మా ఇంటి మేడ మీది గదికి సాయంత్రాలు కొందరు వస్తుంటారు. ఫీజు లేదు, సర్టిఫికెట్ లేదు. వాళ్ళ పేర్లు రాయను, చేసే పనిని బట్టి చెప్తాను. విదేశాల్లో ఉద్యోగానికి ప్రయత్నిస్తున్న నర్సు ఒకరు. యాత్రికులను కొండకు తీసుకెళ్ళే టాక్సీ అన్న ఒకరు. ఈయనకు తమిళం, కన్నడం, హిందీ మూడూ ధారాళంగా వస్తాయి, ఇంగ్లీషు దగ్గరే నోరు కట్టేసినట్టవుతుంది. యూనివర్సిటీ పిల్లలకు మెస్ నడిపే అక్క, తొమ్మిదో తరగతిలో చదువు మానేసిన మనిషి. దామలచెరువు వైపు మామిడితోటలున్న ఇంటి కుర్రవాడు, గ్రూప్స్‌కు చదువుతున్నాడు. సంస్కృత విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్రం, అంటే మన పాత తర్కశాస్త్రం, చదివే అమ్మాయి. ఇంకా అప్పుడప్పుడు వచ్చి పోయేవాళ్ళు.

పెద్ద వ్యాసం చదవాల్సిన అవసరం నర్సు వల్ల వచ్చింది. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో చదివే పేపరుకు గంట సమయం. మూడు పొడుగాటి వ్యాసాలు, నలభై ప్రశ్నలు. ఆమెకు మాటలు తెలుసు, గ్రామర్ కూడా ఫర్వాలేదు. కానీ రెండో పేరా దాటేసరికి మొదటి పేరాలో ఏముందో జారిపోయేది. "చదువుతానే ఉంటా మేడం, ఏమీ నిలబడదు" అనేది. చిన్న చిన్న ముక్కలు చదవడానికి అలవాటు పడినవాళ్ళకు ఇది తప్పదు. వాదన ఒకటి మొదలై, మలుపులు తిరిగి, ఎక్కడికో చేరే వ్యాసాన్ని వాళ్ళ చేత ఎవరూ చదివించలేదు.

డిగ్రీ పిల్లల కోసం వేసిన పాత సంకలనం ఒకటి నా దగ్గరుంది. అందులో ప్రాచీన గ్రీకు తత్వశాస్త్రం మీద ఒక వ్యాసం. తొలి తత్వవేత్త అనే థేలీస్ దగ్గర మొదలై, అరిస్టాటిల్ తర్వాత వచ్చిన స్టోయిక్కులనే తత్వవేత్తల దాకా వెళుతుంది. "ఇది మాకెందుకు మేడం, గ్రీసు వాళ్ళ గోల?" అని టాక్సీ అన్న అడిగాడు. నేను చెప్పిన కారణం ఒక్కటే. ఇందులో ఒక పేజీలో ఒకాయన ఒక మాట అంటాడు, తర్వాతి పేజీలో ఇంకొకాయన కాదంటాడు. వాదన ఉన్నచోట మన జనం చెవి పెట్టకుండా ఉండరు. చెవి పెట్టిన మనిషికి నోరు విప్పక తప్పదు.

మొదట అడ్డం వచ్చినవి తేదీలు. "సోక్రటీస్ క్రీస్తుపూర్వం 470 ప్రాంతంలో పుట్టి 399లో చనిపోయినాడంటే ఏంది, పుట్టకముందే పోయినాడా?" అని మెస్ అక్క నిలదీసింది. గోడకు అడ్డంగా ఒక గీత గీసి, మధ్యలో సున్నా పెట్టి, ఎడమవైపు పేర్లు రాస్తూ పోయాం. బుద్ధుడు కూడా ఇంచుమించు ఆ శతాబ్దాలవాడే అని ఆయన పేరూ అక్కడే పెట్టాం. ఆ గీత ఇప్పటికీ గోడ మీద ఉంది. గ్రూప్స్ కుర్రవాడు ఫోన్లో మ్యాప్ తీసి, థేలీస్ ఊరు మైలీటస్, హెరాక్లిటస్ ఊరు ఎఫెసస్ ఇప్పటి టర్కీలో ఉన్నాయని, పైథాగరస్ బడి పెట్టిన క్రోటన్ ఇటలీ దక్షిణాన ఉందని చూపించాడు. గ్రీకులంటే గ్రీసులోనే ఉంటారన్న ఊహ అక్కడితో పోయింది.

మేం చదివిన పద్ధతి చెప్తాను, ఎవరికైనా పనికొస్తుంది. ముందు ఒకరు పేరా బయటికి చదువుతారు. తర్వాత పెన్సిల్ పట్టుకుని ప్రతి వాక్యంలో అసలు క్రియ వెతుకుతాం. తెలుగులో క్రియ చివర్లో కూర్చుని ఉంటుంది కాబట్టి మనవాళ్ళు ఇంగ్లీషు వాక్యంలో కూడా చివరిదాకా ఎదురుచూస్తారు. ఈలోపు అది ముందే వచ్చి వెళ్ళిపోయి ఉంటుంది. క్రియ దొరికాక, ఆ పని ఎవరు చేశారు, దేన్ని చేశారు అని అడిగితే మూడు లైన్ల వాక్యం కూడా విడిపోతుంది. తర్వాత పుస్తకం మూసి ఆ పేరా సంగతి తెలుగులో చెప్పాలి. చివరగా అదే సంగతి ఇంగ్లీషులో. మధ్యలో తెలుగు రానివ్వకూడదని కొన్ని శిక్షణ కేంద్రాల్లో జరిమానాలు కూడా వేస్తారట. నేను దానికి పూర్తిగా వ్యతిరేకం. తెలుగులో వాదించలేని సంగతిని ఇంగ్లీషులో ఎవరూ వాదించలేరు.

థేలీస్ దగ్గరే మొదటి తగాదా వచ్చింది. అన్నిటికీ మూలం నీరు అన్నాడు, క్రీ.పూ. 585లో వచ్చిన సూర్యగ్రహణాన్ని ముందే చెప్పాడని ప్రతీతి. ఈ రెండూ ఎవరినీ పెద్దగా కదిలించలేదు. కదిలించింది గానుగల కథ. తత్వం చదివి ఏం సంపాదించావని జనం ఎద్దేవా చేస్తే, ఆలివ్ పంట బాగా వస్తుందని ముందే అంచనా వేసి, చలికాలంలోనే ఆ ప్రాంతపు నూనె గానుగలన్నిటికీ అడ్వాన్సులిచ్చి పెట్టుకున్నాడట. కోతలు రాగానే అందరూ ఒక్కసారిగా గానుగల కోసం పరుగెత్తారు. ఆయన చెప్పిందే రేటు. తలచుకుంటే తత్వవేత్త కూడా డబ్బు సంపాదించగలడని చూపించాడని వ్యాసం మెచ్చుకుంటుంది.

మామిడితోటల కుర్రవాడికి ఇది అస్సలు నచ్చలేదు. తోతాపురి కోతకొచ్చినప్పుడు గుజ్జు ఫ్యాక్టరీల గేట్ల ముందు ట్రాక్టర్లు ఎన్ని గంటలు నిలబడతాయో, కాయ మెత్తబడే కొద్దీ రైతు ఎంత తగ్గి మాట్లాడతాడో చూస్తూ పెరిగిన పిల్లవాడు. అప్పటిదాకా క్లాసులో ఇంగ్లీషు నోట్లో పెట్టుకుని నమిలేవాడు కాస్తా లేచి నిలబడి, "థేలీస్ గెయిన్, ఫార్మర్ లాస్! వై ప్రైజ్?" అన్నాడు. అదే మాటను పూర్తి వాక్యంగా చెప్పమన్నాను. కాసేపు కొట్టుకుని, రైతులకు వేరే గానుగ లేదు కాబట్టే థేలీస్‌కు లాభం వచ్చిందని ఇంగ్లీషులో చెప్పగలిగాడు. 'బికాజ్' పెట్టాలని నేను చెప్పాల్సిన పని రాలేదు, ఆ మాట లేకపోతే ఆయన కోపం బయటికి రాదు. ఈ కథను మనకు చెప్పిన అరిస్టాటిల్ కూడా దీన్ని గుత్తాధిపత్యానికి ఉదాహరణగానే చెప్పాడని తెలిసినప్పుడు అబ్బాయి ముఖం వెలిగిపోయింది. వ్యాసకర్త ఒప్పుకోని చోట తనతో అరిస్టాటిల్ ఉన్నాడు!

హెరాక్లిటస్ నది గురించి టాక్సీ అన్న చెప్పిన మాట కూడా రాయాలి. ఒకే నదిలో రెండుసార్లు దిగలేం, ఎందుకంటే రెండోసారి అవే నీళ్ళు ఉండవు అన్నది అందరికీ తెలిసిన మాట. "స్వర్ణముఖిని ఏమంటారు మేడం?" అన్నాడాయన. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగి వంతెనల మీదికి వచ్చింది, బండి ఆపుకుని కళ్ళారా చూశాడు. మిగతా రోజుల్లో ఎక్కువగా చూసేది ఇసుకే. నీళ్ళు లేని రోజున కూడా దాన్ని నది అనే అంటున్నాం కదా, మరి నది అంటే నీళ్ళా, నీళ్ళు పోయే దారా? చాలామంది ఈ వాక్యాన్ని బట్టీ పట్టి మోటివేషన్ స్పీచుల్లో వాడేస్తారు. ఇంత మంచి ప్రశ్న నేను వినడం మాత్రం అదే మొదలు.

పార్మెనిడీస్‌ను, అనాక్సిమాండర్‌ను తొందరగా దాటేశాం. డెమోక్రిటస్ పరమాణువుల గురించి మాత్రం సంస్కృతం అమ్మాయి, మన ప్రాచీన దర్శనాల్లో ఒకటైన వైశేషికం వాళ్ళూ అణువుల మాట చెప్పారు కదా అంది. అది వేరే కథ, ఇంకోసారి చూద్దామని పక్కన పెట్టాం.

ఈ వ్యాసంలో నాకు అన్నిటికంటే బాగా గుర్తుండిపోయేది ప్లేటో తన గురువు సోక్రటీస్‌ను పాత్రగా పెట్టి రాసిన 'మెనో' అనే సంభాషణ గురించిన పేజీ. మెనో అనే ధనవంతుడి ఇంట్లో పుట్టిపెరిగిన ఒక బానిస పిల్లవాడిని సోక్రటీస్ పిలుస్తాడు. వాడు లెక్కలు చదువుకోలేదు. సోక్రటీస్ నేల మీద ఒక చతురస్రం గీస్తాడు, భుజం రెండు అడుగులు. వైశాల్యం నాలుగు చదరపు అడుగులు. దీనికి సరిగ్గా రెట్టింపు వైశాల్యం ఉన్న చతురస్రం కావాలంటే భుజం ఎంత ఉండాలి?

అక్కడ చదవడం ఆపించి, సుద్దముక్క తీసుకుని గది నేల మీద ఆ చతురస్రం గీశాను. వ్యాసంలో జవాబు చూడొద్దు, మీరే చెప్పండి అన్నాను. "ఫోర్ ఫీట్" అని టాక్సీ అన్న వెంటనే అన్నాడు. గీసి చూశాం. నాలుగు నాలుగులు పదహారు, కావాల్సింది ఎనిమిది. "అయితే త్రీ" అంది నర్సు. మూడు మూళ్ళు తొమ్మిది. గ్రూప్స్ కుర్రవాడు రూట్ ఎనిమిది అని ఏదో అనబోతే, కాలిక్యులేటర్ వద్దు, గీసి చూపించమన్నాను. ఆయన ఆగిపోయాడు.

మెస్ అక్క అప్పటిదాకా మాట్లాడలేదు. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తిపట్టి కింద కూర్చుని, నా చేతిలో సుద్ద తీసుకుంది. పదహారు అడుగుల పెద్ద గడిని అడ్డంగా, నిలువుగా గీసి నాలుగు చిన్న గళ్ళు చేసింది. తర్వాత ఒక్కో చిన్న గడికి మూల నుంచి మూలకు ఏటవాలుగా గీత లాగింది. చెయ్యి ఎత్తకుండా నాలుగు గీతలూ కలిపేసింది. మధ్యలో ఒరిగి నిలబడ్డ చతురస్రం వచ్చింది. దాని మీద వేలు పెట్టి చూపిస్తూ, "దిస్ హాఫ్, దిస్ హాఫ్, దిస్ హాఫ్, దిస్ హాఫ్. ఫోర్ హాఫ్స్. వన్ హాఫ్ టూ. సో ఎయిట్" అంది. సంక్రాంతి నెలంతా గడపలో వేసేది ఇదే కదా మేడం అని సుద్ద నా చేతిలో పెట్టేసింది.

అప్పుడు మిగతా పేజీ చదివాం. ప్లేటో రాసినదాంట్లో ఆ పిల్లవాడు కూడా ముందు నాలుగు అన్నాడు, తర్వాత మూడు అన్నాడు, తర్వాత నాకు తెలియదన్నాడు. చివరికి సోక్రటీస్ ప్రశ్నలతో కర్ణం, అంటే మూల నుంచి మూలకు గీసే ఏటవాలు గీత, దగ్గరికి చేరాడు. రెండువేల నాలుగువందల ఏళ్ళ కిందటి పిల్లవాడు ఏయే జవాబుల మీదుగా వెళ్ళాడో మా వాళ్ళూ వాటి మీదుగానే వెళ్ళారని తెలిశాక ఆ పేజీని ఎవరూ వదల్లేదు. ఆ సాయంత్రం ఒక్క పేజీ కంటే ముందుకు పోలేదు. పోవాలని నాకూ అనిపించలేదు.

ఇక ప్లేటో చెప్పే ముగింపు. పిల్లవాడికి ఎవరూ నేర్పలేదు, అయినా చెప్పగలిగాడు. కాబట్టి ఆత్మకు ఇది ముందే తెలుసు, ఇప్పుడు గుర్తు తెచ్చుకుంది, అంతే. పూర్వజన్మ అన్న మాట తిరుపతిలో ఎవరికీ కొత్త కాదు, అందరూ తలలూపారు. అక్క మాత్రం ఒప్పుకోలేదు. "నాకు పోయిన జన్మది కాదు మేడం. మా అమ్మ చెయ్యి పట్టి నేర్పింది. ఆ పిల్లోడికి కూడా ఎవరో ఏదో చూపించి ఉంటారు. బానిసోడు కదా, వాడికి ఏం వచ్చునో వీళ్ళు అడిగినారా?" తర్వాత ఇంకో ప్రశ్న వేసింది. "ఆ పిల్లోడి పేరేంది?" ప్లేటో ఆ పేరు రాయలేదు. మెనో పేరు మీద పుస్తకం ఉంది, లెక్క చేసినవాడి పేరు లేదు. అక్క దీన్ని మర్చిపోలేదు. ఎందుకన్నది తర్వాత వస్తుంది.

సోక్రటీస్ విచారణ దగ్గరికి వచ్చేసరికి అందరికీ ఊపు వచ్చింది. అప్పటికి ఆయనకు 70 ఏళ్ళు. ఊరి దేవుళ్ళను నమ్మడం లేదని, కుర్రవాళ్ళను చెడగొడుతున్నాడని నేరం. తీర్పు చెప్పేది జడ్జి కాదు, దాదాపు 500 మంది పౌరులు ఓట్లు వేసి చెప్పాలి. ముప్ఫై ఓట్లు అటువైపు పడి ఉంటే తను బయటపడేవాడినని ప్లేటో రాసిన దాంట్లో సోక్రటీసే అంటాడు. నేరం తేలాక శిక్ష ఏమిటన్నదానికి మళ్ళీ ఓటు. నువ్వే ఒక శిక్ష చెప్పుకో అంటే, ఊరికి నేను చేసిన మేలుకు ఊరి ఖర్చుతో నాకు భోజనం పెట్టండి అన్నాడాయన. తర్వాత శిష్యులు హామీ ఉంటామంటే జరిమానా కడతానన్నాడు. ఏథెన్స్‌ను మత్తుగా నిలబడ్డ పెద్ద గుర్రంతో పోల్చి, దాన్ని కుట్టి లేపే ఈగను నేనని చెప్పుకున్న చోట సంస్కృతం అమ్మాయి వేమన చెప్పిన చెవిలోని జోరీగను అందుకుంది.

శిక్ష పడినా వెంటనే అమలు కాలేదు. ఏటా ఏథెన్స్ నుంచి డీలోస్ ద్వీపానికి దేవుడి కోసం ఒక ఓడ వెళుతుంది. అది తిరిగి వచ్చేదాకా ఊరు శుచిగా ఉండాలి, ఎవరికీ మరణశిక్ష వేయకూడదు. డిగ్రీ పిల్లలకు ఈ ముక్క అర్థం చేయించడానికి గతంలో చాలాసేపు పట్టేది. ఇక్కడ మాత్రం నేను నోరు తెరవకముందే "చాటింపు మాదిరి" అన్నారు. తాతయ్యగుంట గంగమ్మ జాతరకు ముందు చాటింపు వేశాక, జాతర అయ్యేదాకా ఊరివాళ్ళు రాత్రిపూట వేరే ఊళ్ళో ఉండకూడదని పాతకాలం నుంచి కట్టుబాటు. దేవుడి పని మొదలైతే ఊరంతా ఒక నియమం కిందికి వస్తుందన్న సంగతి వీళ్ళకు ఎవరూ వివరించక్కర్లేదు. అలాగే సోక్రటీస్ ఆఖరి మాట. విషం తాగాక, అస్‌క్లీపియస్ అనే వైద్య దేవుడికి కోడిపుంజు బాకీ ఉన్నాం, మరిచిపోకుండా తీర్చండి అని మిత్రుడు క్రీటోకు చెప్పాడు. దాని అర్థం మీద పండితులు ఎంతో రాశారు. తిరుపతిలో దాన్ని చదివినవాళ్ళకు అది మొక్కు. చనిపోయేముందు మొక్కు తీర్చమని అప్పజెప్పిన మనిషి వీళ్ళకు పరాయివాడుగా అనిపించలేదు.

ఆ మరణం గురించిన పేరాను నర్సు చదివింది. హెమ్లాక్ తాగాక కాళ్ళు బరువెక్కడం, తిమ్మిరి పాదాల నుంచి పైకి పాకడం, స్పృహ చివరిదాకా ఉండటం. ఎక్కడా తడబడలేదు. చదివాక, పక్షవాతం కింది నుంచి పైకి ఎలా వస్తుందో, ఊపిరితిత్తుల దాకా వస్తే ఏమవుతుందో ఇంగ్లీషులోనే వివరించింది. రెండో పేరా దాటితే ఏదీ నిలవదన్న మనిషి ఆమే. తనకు తెలిసిన లోకం వ్యాసంలో కనబడగానే వాక్యాలు వాటంతట అవే నిలబడ్డాయి. పరీక్ష కోసం ఎన్ని ప్రాక్టీస్ పేపర్లు చేయించినా ఇది వచ్చేది కాదని నా గట్టి నమ్మకం.

జైలు నుంచి తప్పించుకుపొమ్మని క్రీటో డబ్బు కూడా సిద్ధం చేసుకుని వచ్చాడు. సోక్రటీస్ పోనన్నాడు. ఇన్నేళ్ళు ఈ ఊరి చట్టాల నీడలో బతికాను, నచ్చకపోతే ఎప్పుడో వెళ్ళిపోయి ఉండాల్సింది, ఇప్పుడు తీర్పు నాకు వ్యతిరేకంగా వచ్చిందని పారిపోతే చట్టానికి విలువేముంది అన్నది ఆయన వాదన. దీని మీద క్లాసు రెండుగా చీలింది. "హి హాస్ త్రీ సన్స్. టూ ఆర్ స్మాల్. హూ విల్ ఫీడ్ దెమ్?" అని నర్సు. నియమం కోసం చచ్చిపోయేవాడు బాగానే ఉంటాడు, ఇంట్లోవాళ్ళ సంగతేంటి అని ఆమె బాధ. టాక్సీ అన్న సోక్రటీస్ వైపు. ఘాట్ రోడ్డులో నిర్ణీత సమయం కంటే ముందే కిందికి దిగితే జరిమానా. ఎవరైనా పొరపాటున జరిమానా రాశారే అనుకో, అక్కడ గేటు దాటి పారిపోతే ఎట్ల? కట్టాలి, తర్వాత అడగాలి. ఇది చెప్పడానికి ఆయనకు 'ఈవెన్ ఇఫ్' కావాల్సి వచ్చింది. నేను బోర్డు మీద రాసిపెట్టాను. ఆ సాయంత్రం అది ఎన్ని నోళ్ళలో తిరిగిందో! 'ఈవెన్ ఇఫ్ ది రూల్ ఈజ్ రాంగ్', 'ఈవెన్ ఇఫ్ ది చిల్డ్రన్ ఆర్ హంగ్రీ?' అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు వేసుకున్నారు. కండిషనల్ క్లాజుల మీద నేను ఏళ్ళ తరబడి చెప్పిన పాఠాలన్నీ కలిపినా ఇంత పని చేయలేదు.

గోడ మీది నీడలనే నిజమనుకునే బందీల గురించి ప్లేటో చెప్పిన గుహ కథను చదివాం, బాగుంది, కానీ అందరూ ముందే ఎక్కడో విన్నదే. అరిస్టాటిల్‌కు వద్దాం. క్రీ.పూ. 384లో స్టజీరాలో పుట్టాడు, పదిహేడేళ్ళప్పుడు ప్లేటో అకాడమీకి వచ్చి ఇరవై ఏళ్ళు అక్కడే ఉన్నాడు. అలెగ్జాండర్‌కు చదువు చెప్పాడు, తర్వాత లైసియం అనే తన బడి పెట్టాడు, 322లో పోయాడు. వ్యాసంలో ఆయన తర్కం గురించి రెండు పేజీలున్నాయి. మనుషులందరూ మరణించేవారు, సోక్రటీస్ మనిషి, కాబట్టి సోక్రటీస్ మరణిస్తాడు. పాఠ్యపుస్తకాలన్నిట్లో ఉండే ఉదాహరణే.

సంస్కృతం అమ్మాయికి ఆ రోజు పండగ. తెలుగువాడైన అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహం ఆ అమ్మాయికి కంఠతా వచ్చు. వేసవిలో శేషాచలం అడవిలో మంటలు రేగినప్పుడు ఊళ్ళోంచి పొగ కనబడుతుంది. కిటికీలోంచి కొండవైపు చూపించి, అక్కడ పొగ ఉందనుకోండి అంది. కొండ మీద నిప్పు ఉంది, ఇది ప్రతిజ్ఞ. ఎందుకంటే పొగ ఉంది, ఇది హేతువు. ఎక్కడ పొగ ఉంటే అక్కడ నిప్పు ఉంటుంది, వంటింట్లో లాగా, ఇది ఉదాహరణ. ఈ కొండ కూడా అలాంటిదే, ఇది ఉపనయం. కాబట్టి కొండ మీద నిప్పు ఉంది, ఇది నిగమనం. ఐదు మెట్లు. అరిస్టాటిల్‌కు మూడే చాలు. ఎదుటివాడికి నచ్చజెప్పేటప్పుడు వంటిల్లు లాంటి తెలిసిన ఉదాహరణ చూపించాలని మనవాళ్ళు పట్టుబట్టారు, అందుకే దీన్ని పరార్థానుమానం అంటారని వివరించింది. ఇదంతా ఇంగ్లీషులోనే చెప్పింది, చాలా నెమ్మదిగా, ఒక్కో మెట్టు దగ్గర ఆగి. శాస్త్రం బాగా వచ్చినా ఇంగ్లీషు రాదని సెమినార్లలో వెనక బెంచీలో కూర్చునే అమ్మాయి. ఎవరు ఎవరికంటే గొప్ప అన్న లెక్క అక్కడ ఎవరూ వేయలేదు. రెండిటితోనూ ఏదో ఒకటి నిరూపించి చూపించాలన్న ఉత్సాహం మాత్రం అందరికీ పట్టుకుంది.

వ్యాసం తర్వాత చెప్పిన విషయంతో ఆ ఉత్సాహం కోపంగా మారింది. కొందరు స్వభావరీత్యా బానిసలని అరిస్టాటిల్ 'పాలిటిక్స్'లో రాశాడు. ఆలోచించి నిర్ణయించుకునే శక్తి బానిసకు అసలు లేదని, ఆడదానికి ఉన్నా దానికి అధికారం లేదని అన్నాడు. వ్యాసకర్త దీన్ని రెండు వాక్యాల్లో చెప్పి, ఆ కాలం అలాంటిదని ముందుకు పోయాడు. మా క్లాసు ముందుకు పోలేదు. "రెండు వాక్యాలేనా?" అంది నర్సు. నాకూ అదే అనిపించింది. ఒక మనిషి గొప్పతనం గురించి పది పేజీలు రాసినవాడు ఈ సంగతికి ఒక పేజీ అయినా ఇవ్వాలి.

అందరినీ ఒక్కో పేరా ఇంగ్లీషులో రాసుకు రమ్మన్నాను. అప్పటిదాకా రాయడమంటే టెన్షన్ పడి తప్పించుకున్నవాళ్ళే. ఈసారి అందరూ తెచ్చారు. అక్క పేరాను తెలుగులో చెప్తాను. "ప్లేటో పుస్తకంలో ఒక బానిస పిల్లవాడు ఉన్నాడు. అతను ఆలోచించి లెక్క కనుక్కున్నాడు. రెండుసార్లు తప్పు చెప్పాడు, తర్వాత తెలియదని ఒప్పుకున్నాడు, తర్వాత సరిగ్గా చెప్పాడు. అరిస్టాటిల్ ప్లేటో దగ్గర ఇరవై ఏళ్ళు ఉన్నాడు. ఈ పిల్లవాడి సంగతి ఆయనకు తెలిసే ఉండాలి. తెలిసి కూడా బానిసకు ఆలోచన లేదని రాశాడంటే, ఆయన తన గురువు పుస్తకం సరిగా చదవలేదు." దాంట్లో నేను దిద్దినవి కొన్ని ఆర్టికల్స్, ఒకటి రెండు క్రియల కాలం. వాదనలో చెయ్యి పెట్టాల్సిన చోటు కనబడలేదు.

సంస్కృతం అమ్మాయి ఊరుకోలేదు. అరిస్టాటిల్ బానిసలందరినీ ఒకే గాటన కట్టలేదక్కా అంది. యుద్ధంలో ఓడి బానిసలైనవాళ్ళు వేరు, స్వభావరీత్యా బానిసలు వేరు అని ఆయనే అన్నాడు కదా, ఈ పిల్లవాడు రెండో రకం కాదేమో, నీ హేతువు నిలబడదు అంది. ఇదంతా ఇంగ్లీషులోనే. అక్క కాసేపు తన పేరా వైపు చూసుకుంది. తర్వాత నెమ్మదిగా, మాటలు వెతుక్కుంటూ ఇంగ్లీషులో అడిగింది. ఎవరు ఏ రకమో ఆయనకు ఎట్ల తెలిసింది? సోక్రటీస్ మాదిరి ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగినాడా? ఈ పిల్లోడు కూడా ఇంట్లోనే పుట్టిన బానిస కదా, అడగకముందు మెనోకు వాడు ఏ రకంగా కనబడ్డాడు?

అమ్మాయి ఆ ప్రశ్నను నోటుబుక్కులో రాసుకుంది, జవాబు ఐదు మెట్లలో రాసుకొస్తానంది. స్టోయిక్కుల పేజీలు ఇంకా అలాగే ఉన్నాయి. ముందు మెనో పేజీ ఇంకోసారి చదవాలని అక్క పట్టుబట్టింది, అందరూ సరేనన్నారు.